కారు కింద డిఫ్యూజర్ బిగిస్తే మైలేజీ పెరుగుతుందా? రీల్స్‌లో చెప్పేదెంత.. రోడ్డు మీద జరిగేదెంత?

ఫోన్‌లో రీల్స్ ఓపెన్ చేస్తే చాలు.. కారు మోడిఫికేషన్ వీడియోలు వరస పెట్టి వచ్చేస్తున్నాయి. ఓ మామూలు హ్యాచ్‌బ్యాక్ ఉంటుంది. వెనక బంపర్ కింద నల్లటి రెక్కల్లాంటి ప్లాస్టిక్ ముక్క బిగిస్తారు. ముందు బంపర్ కింద ఇంకో స్ప్లిటర్. బ్యాక్‌గ్రౌండ్‌లో బీట్ పడుతుంది, కారు స్లో మోషన్‌లో కదులుతుంది. మైలేజీ పెరుగుతుంది, హైవే మీద కారు రోడ్డుకి అతుక్కుపోతుంది అని వాయిస్ ఓవర్. కామెంట్లలో మాత్రం ఒకటే ప్రశ్న.. 'ప్రైస్ ఎంత అన్నా?'

ధర అడిగే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. అసలు ఇది పనిచేస్తుందా? పనిచేస్తే ఏ స్పీడ్‌లో? ఎవరి కారుకి? పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా? పెట్రోల్ లీటరు వంద దాటి చాలా కాలమైంది. మైలేజీ అనే మాట వినిపిస్తే చాలు జేబులో చెయ్యి పెట్టే పరిస్థితి. అందుకే లెక్కలతో సహా చూద్దాం.

గాలి ఎన్ని కిలోల బలంతో ఆపుతుంది?

కారు ముందుకు వెళ్తుంటే దాన్ని వెనక్కి లాగేవి ప్రధానంగా రెండు. ఒకటి టైర్లు రోడ్డు మీద దొర్లేటప్పుడు వచ్చే నిరోధం. రెండోది గాలి. టైర్ల నిరోధం స్పీడ్‌తో పెద్దగా మారదు. గాలి అలా కాదు. స్పీడ్ రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. మొత్తం కథ ఇక్కడే ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కారు బరువు 1200 కిలోలు. ఎదురు నుంచి చూస్తే గాలికి తగిలే వైశాల్యం 2.2 చదరపు మీటర్లు. డ్రాగ్ కోఎఫిషియంట్, అంటే గాలిని ఎంత సాఫీగా చీల్చుకు వెళ్తుందో చెప్పే నంబర్, 0.32. మన రోడ్ల మీద తిరిగే మామూలు కార్లు ఇంచుమించు ఇలాగే ఉంటాయి.

ఈ కారుకి టైర్ల నిరోధం దాదాపు 12 కిలోల బలం. ఇప్పుడు గాలి సంగతి చూడండి. గంటకు 40 కి.మీ స్పీడ్‌లో గాలి నిరోధం 5 కిలోలే. 60కి వచ్చేసరికి 12 కిలోలు, అంటే టైర్లతో సమానం. 100 దగ్గర 33 కిలోలు. 120 దగ్గర ఏకంగా 48 కిలోలు.

ఇప్పుడు కారు అడుగు భాగాన్ని నున్నగా కవర్ చేసి డ్రాగ్‌ని 5 శాతం తగ్గించాం అనుకుందాం. బయట కొన్న కిట్‌తో ఇంత రావడం కష్టం, అయినా వచ్చిందనే అనుకుందాం. 40 స్పీడ్‌లో మిగిలేది పావు కిలో బలం. అమీర్‌పేట్ ట్రాఫిక్‌లోనో, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గరో దీని వల్ల ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. సిటీలో పెట్రోల్ తాగేది గాలి కాదు. బ్రేక్ వేయడం, మళ్లీ లాగడం, సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆన్‌లో ఉంచడం.. అసలు ఖర్చు అక్కడుంది.

అదే 100 స్పీడ్‌లో అయితే మొత్తం 45 కిలోల నిరోధంలో 1.7 కిలోలు తగ్గుతుంది. అంటే నాలుగు శాతానికి కాస్త తక్కువ. హైవే మీద ప్రయోజనం ఉంది, అబద్ధమేమీ కాదు. కానీ రీల్‌లో చెప్పినంత లేదు.

రేసు కార్లకి ఎందుకు పనిచేసింది?

ఈ ఐడియా వచ్చింది ఫార్ములా వన్ నుంచే. 1970ల చివర్లో లోటస్ టీమ్ అధినేత కాలిన్ చాప్మన్, ఆయన ఇంజినీర్లు కారు అడుగు భాగాన్నే తలకిందులు చేసిన విమానం రెక్కలా తయారు చేశారు. విమానం రెక్క పైకి లేపుతుంది. తిప్పి పెడితే కిందకి నొక్కుతుంది. నీళ్ల పైపు మూతిని వేలితో సగం మూస్తే నీళ్లు ఎలా వేగంగా చిమ్ముతాయో, కారుకీ రోడ్డుకీ మధ్య ఇరుకు సందులో గాలి అలా వేగం పుంజుకుంటుంది. వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుంది. పైన ఉన్న గాలి కారుని రోడ్డుకేసి నొక్కుతుంది. దీన్నే గ్రౌండ్ ఎఫెక్ట్ అంటారు. లోటస్ 79 కారుతో మారియో ఆండ్రెట్టి 1978లో వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు.

అదే ఏడాది బ్రభం టీమ్ కారు వెనక ఏకంగా ఓ పెద్ద ఫ్యాన్ పెట్టి కింద గాలిని లాగేసింది. నికీ లౌడా స్వీడన్ రేసు గెలిచాడు. ఆ కారు మళ్లీ రేసులోకి రాలేదు. ఆ తర్వాత కార్నర్ స్పీడ్‌లు ప్రమాదకరంగా పెరగడంతో 1983 నుంచి ఫ్లాట్ బాటమ్ తప్పనిసరి చేశారు.

2022లో రూల్స్ మార్చి గ్రౌండ్ ఎఫెక్ట్‌ని మళ్లీ తీసుకొచ్చారు. అక్కడే అసలు ట్విస్ట్. స్ట్రెయిట్‌లో స్పీడ్ పెరిగేకొద్దీ కారు రోడ్డుకి మరీ దగ్గరై, గాలి ప్రవాహం తెగిపోయి, కారు ఒక్కసారిగా లేచి, మళ్లీ కిందకి పడి.. ఇలా ఎగిరెగిరి పడటం మొదలైంది. దీనికి పోర్పాయిజింగ్ అని పేరు. ఆ ఏడాది బాకు రేసు అయ్యాక లూయిస్ హామిల్టన్ నడుం పట్టుకుని కారు దిగిన విజువల్స్ చాలామంది చూసే ఉంటారు. 2023లో ఫ్లోర్ అంచుల్ని 15 మిల్లీమీటర్లు పైకి లేపాలని రూల్ పెట్టారు. ఒక్కసారి ఆ నంబర్ గమనించండి. 15 మిల్లీమీటర్లు. రేసు కారు అడుగు భాగం ఎంత సున్నితమో అర్థమవుతుంది.

మన రోడ్డు మీద ఎక్కడ తేడా కొడుతుంది?

రేసు కారు రోడ్డుకి కొన్ని సెంటీమీటర్ల ఎత్తులోనే పరిగెడుతుంది. మన కార్లకి గ్రౌండ్ క్లియరెన్స్ సాధారణంగా 160 నుంచి 200 మిల్లీమీటర్లు. అది ఊరికే ఇవ్వలేదు. మన దేశంలో స్పీడ్ బ్రేకర్లకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఒక కొలత పెట్టింది. 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, నెమ్మదైన వంపు. కానీ కాలనీల్లో, ఊళ్ల మొదట్లో రాత్రికి రాత్రే వేసే స్పీడ్ బ్రేకర్లు ఆ కొలతలో ఉంటాయా? మీకే తెలుసు. నలుగురు ఎక్కి, డిక్కీలో లగేజీ పెట్టుకుని వెళ్తుంటే ఒరిజినల్ కారే కింద గీసుకుంటుంది. దానికి ఇంకో రెండు అంగుళాల ప్లాస్టిక్ వేలాడదీస్తే ఏమవుతుంది? మొదటి నెలలోనే ఊడి చేతికొస్తుంది.

పోనీ కారుని స్ప్రింగులు మార్చి కిందకి దించేద్దాం అంటారా? అప్పుడు గాలికి మేలు, మిగతా అన్నిటికీ కష్టం. ఇంజిన్ ఆయిల్ సంప్‌కి రాయి తగిలితే వచ్చే బిల్లు ముందు జీవితకాలం మైలేజీ లాభం కూడా చాలదు.

ఇంకో ముఖ్యమైన విషయం. డిఫ్యూజర్ ఒంటరిగా పనిచేసే వస్తువు కాదు. కారు కింద వేగంగా వచ్చిన గాలిని నెమ్మదిగా విప్పారేలా చేసి, వెనక సాఫీగా బయటకి పంపడం దాని పని. అంటే ముందు నుంచి అక్కడిదాకా గాలి సాఫీగా రావాలి. మామూలు పెట్రోల్ కారు కింద తల పెట్టి చూడండి. సైలెన్సర్, ఎగ్జాస్ట్ పైపు, పెట్రోల్ ట్యాంక్, స్టెప్నీ గుంత, వెనక యాక్సిల్.. అన్నీ కిందకి వేలాడుతుంటాయి. గాలి వాటికి తగిలి చెల్లాచెదురై బంపర్ దాకా వస్తుంది. అక్కడ నాలుగు రెక్కల ప్లాస్టిక్ ముక్క అంటిస్తే అది చేసేది ఏమీ లేదు. ఇల్లు కట్టకుండా గుమ్మం మాత్రం నిలబెట్టినట్టు. పైగా డిఫ్యూజర్ వంపు మరీ ఎక్కువైతే గాలి దాన్ని అంటిపెట్టుకోకుండా విడిపోతుంది. అప్పుడు డ్రాగ్ తగ్గకపోగా పెరిగే ఛాన్స్ కూడా ఉంది. ఏ డిగ్రీలో పెట్టాలన్నది విండ్ టన్నెల్‌లో తేలాలి. డబుల్ సైడ్ టేపుతో కాదు.

'రోడ్డుకి అతుక్కుపోతుంది' అన్న మాట సంగతి?

దీనికీ లెక్క ఉంది. మామూలు కార్లకి స్పీడ్‌లో కొంచెం పైకి లేపే బలం వస్తుంది, దీన్ని లిఫ్ట్ అంటారు. పైన చెప్పిన కారుకే లిఫ్ట్ కోఎఫిషియంట్‌ని 0.1 తగ్గించగలిగాం అనుకుందాం. ఇది చాలా మంచి మార్పు కింద లెక్క. గంటకు 100 కి.మీ దగ్గర దాని వల్ల కారు మీద అదనంగా పడే బరువు దాదాపు 10 కిలోలు. అంటే డిక్కీలో 10 కిలోల బియ్యం బస్తా పెట్టినట్టు. 1200 కిలోల కారులో అది తేడా తెలుస్తుందా? 40 స్పీడ్‌లో అయితే కిలోన్నరే. రేసు కారు 250, 300 స్పీడ్‌లో తిరుగుతుంది కాబట్టి దానికి అదే ప్రాణం. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగమే 120. ఆ లోపల కారు రోడ్డుకి అతుక్కోవాలంటే కావాల్సింది డిఫ్యూజర్ కాదు, అరగని టైర్లు.

ఇంకా చెప్పాలంటే ఇక్కడో ప్రమాదం కూడా ఉంది. 'నా కారుకి ఏరో కిట్ ఉంది, గ్రిప్ పెరిగింది' అన్న నమ్మకంతో కుర్రాళ్లు మలుపుల్లో స్పీడ్ పెంచుతారు. గ్రిప్ మాత్రం పాతదే.

మరి కంపెనీలు ఎందుకు పెడుతున్నాయి?

ఇది న్యాయమైన ప్రశ్న. కంపెనీలు నిజంగానే కారు అడుగు భాగం మీద చాలా పనిచేస్తున్నాయి. ముఖ్యంగా ఎలక్ట్రిక్ కార్లలో. జనరల్ మోటార్స్ 1996లో తెచ్చిన ఈవీ1 కారు డ్రాగ్ నంబర్ 0.19. దానికి అడుగు మొత్తం నున్నటి ప్యానెల్. ఇప్పుడు మెర్సిడెస్ ఈక్యూఎస్ 0.20, హ్యుందాయ్ అయోనిక్ 6 కూడా 0.21 దగ్గరున్నాయి. మెర్సిడెస్ తయారు చేసిన ఈక్యూఎక్స్ఎక్స్ అనే ప్రయోగాత్మక కారు 0.17 డ్రాగ్‌తో 2022లో జర్మనీ నుంచి ఫ్రాన్స్ సముద్ర తీరం దాకా ఒక్క ఛార్జింగ్ మీద వెయ్యి కిలోమీటర్లకి పైగా వెళ్లింది.

అయితే ఈ నంబర్లన్నీ ఒక్క అడుగు భాగంతో వచ్చినవి కావు. కారు మొత్తం ఆకారం, అద్దాలు, చక్రాలు, ముందు గ్రిల్.. అన్నీ కలిపి మొదటి రోజు నుంచి డిజైన్ చేస్తే వచ్చినవి. ఎలక్ట్రిక్ కారుకి ఇంకో అడ్వాంటేజ్ ఉంది. బ్యాటరీ ప్యాకే కింద బల్లపరుపుగా పరుచుకుని ఉంటుంది. సైలెన్సర్ లేదు, ఎగ్జాస్ట్ వేడి లేదు. అడుగు మూసేయడం ఈజీ. పైగా బ్రేక్ వేసినప్పుడు పోయే శక్తిలో కొంత మళ్లీ బ్యాటరీలోకి వస్తుంది. దాంతో మిగిలిన ఖర్చులో గాలి వాటా పెద్దదవుతుంది. డ్రాగ్ కొంచెం తగ్గినా రేంజ్‌లో కనిపిస్తుంది.

యూరప్ కంపెనీలకి ఇంకో ఒత్తిడి ఉంది. అక్కడి డబ్ల్యూఎల్‌టీపీ టెస్టులో కారుని గంటకు 131 కి.మీ దాకా నడుపుతారు. అక్కడ డ్రాగ్ తగ్గితే కాగితం మీద కార్బన్ లెక్క తగ్గుతుంది. మన దగ్గర ఇన్నేళ్లుగా వాడుతున్న ఎంఐడీసీ టెస్టులో గరిష్ఠ వేగం 90 మాత్రమే, అదీ కాసేపే. అంటే షోరూమ్‌లో చెప్పే మైలేజీ, రేంజ్ నంబర్లలో హైవే గాలి నిరోధం పూర్తిగా బయటపడదు. ఎలక్ట్రిక్ కారు కొన్నాక హైవే ఎక్కితే రేంజ్ ఎందుకు పడిపోతోంది అని చాలామంది అడుగుతుంటారు. జవాబులో పెద్ద భాగం ఇదే. కాబట్టి కొత్త కారు కొనేటప్పుడు డ్రాగ్ నంబర్ ఎంత, కింద ప్యానెల్స్ ఉన్నాయా అని అడగడం తప్పు కాదు. రెగ్యులర్‌గా హైవే మీద తిరిగేవాళ్లయితే తప్పకుండా అడగండి.

జేబు లెక్క ఏంటి?

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఏడాదికి 12 వేల కిలోమీటర్లు తిరిగే కారు. లీటరుకి 15 కి.మీ మైలేజీ. అంటే ఏడాదికి 800 లీటర్లు. అందులో సగం హైవే మీద అనుకుంటే 400 లీటర్లు. కిట్ పెట్టాక హైవేలో 3 శాతం పెట్రోల్ మిగిలిందని ఉదారంగా అనుకుందాం. ఏడాదికి మిగిలేది 12 లీటర్లు. లీటరు 107 రూపాయలు వేసుకుంటే 1284 రూపాయలు.

కిట్, ఫిట్టింగ్ కలిపి 15 వేలు అయ్యిందనుకోండి. ఆ డబ్బు తిరిగి రావడానికి 11 ఏళ్లు దాటుతుంది. మధ్యలో ఒక్క స్పీడ్ బ్రేకర్‌కి విరిగినా లెక్క మళ్లీ మొదటికే. అది కూడా కిట్ నిజంగా పనిచేస్తేనే.

దీనికి పక్కనే ఇంకో లెక్క పెట్టి చూడండి. 120లో వెళ్లే కారుని 100కి తగ్గిస్తే గాలి నిరోధం 48 కిలోల నుంచి 33కి పడిపోతుంది. 15 కిలోల తగ్గింపు. మంచి అండర్ బాడీ కవర్ ఇచ్చేది ఆ స్పీడ్‌లో రెండున్నర కిలోల లోపే. అంటే కుడి కాలు కాస్త పైకెత్తడం ఆరు కిట్‌లతో సమానం. ఖర్చు సున్నా.

రూల్స్ ఏం చెప్తున్నాయి?

మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పులకి సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. పాదచారులకి ప్రమాదమని కార్ల ముందు బిగించే ఇనప క్రాష్ గార్డుల మీద చర్యలు తీసుకోవాలని 2017 డిసెంబర్‌లోనే కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది.

ప్రతి ప్లాస్టిక్ ముక్కకీ కేసు రాస్తారని కాదు. కానీ బయటకి పొడుచుకొచ్చే పదునైన స్ప్లిటర్లు, కారుని కిందకి దించడం లాంటివి చిక్కులు తెచ్చేవే. యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు ఆ ముక్క గురించి వివరణ ఇవ్వాల్సింది రీల్ చేసినవాళ్లు కాదు, మీరే.

ఉన్నదాన్ని కాపాడుకుంటున్నారా?

విచిత్రం ఏంటంటే.. చాలా కార్లకి కంపెనీ ఇచ్చిన అండర్ కవర్ ఆల్రెడీ ఉంది. ఇంజిన్ కింద ఉండే ఆ నల్లటి ప్లాస్టిక్ షీట్. అది గాలినే కాదు.. బురద, నీళ్లు, చిన్న రాళ్లు ఇంజిన్ గదిలోకి రాకుండా ఆపుతుంది. ఆయిల్ మార్చేటప్పుడు దాన్ని విప్పుతారు. తిరిగి బిగించేటప్పుడు రెండు క్లిప్పులు తగ్గుతాయి. మా ఇంట్లో కారుకి ఇదే జరిగింది. ఓ చోట సర్వీస్ చేయించాక హైవే ఎక్కితే కింద నుంచి టపటపా సౌండ్. దిగి చూస్తే కవర్ ఒక మూల వేలాడుతోంది. క్లిప్పులు కొత్తవి వేయించడానికి అయ్యింది వంద రూపాయల లోపే. అలాగే వదిలేసి ఉంటే నిండు నీళ్ల గుంతలో పడిన రోజు మొత్తం షీట్ చిరిగిపోయేది.

కొందరు లోకల్‌గా రేకు కొట్టించి ఇంజిన్ నుంచి సైలెన్సర్ దాకా మొత్తం మూయించేస్తున్నారు. ఇది మాత్రం వద్దు. ఎగ్జాస్ట్, క్యాటలిటిక్ కన్వర్టర్ విపరీతంగా వేడెక్కుతాయి. ఆ వేడి పోవడానికి కంపెనీ కావాలనే ఖాళీ వదిలింది. మన దగ్గర కోతల సీజన్‌లో కొన్ని రోడ్ల మీద పంటని నూర్పిడి కోసం పరుస్తుంటారు. ఆ ఎండు కట్టె కారు కింద ఇరుక్కుంటే మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. వేడి భాగాల చుట్టూ చెత్త పట్టి ఉండేలా రేకు కొట్టించడమంటే ఆ ప్రమాదాన్ని పిలిచి కూర్చోబెట్టడమే. అలాంటి రోడ్డు దాటాక ఓసారి బండి పక్కకి ఆపి కింద చూసుకోవడం మంచి అలవాటు.

ఫైనల్‌గా..

అండర్ బాడీ ఏరోడైనమిక్స్ మోసం కాదు. అది నిజమైన సైన్స్. కంపెనీ డిజైన్ చేసి, టెస్ట్ చేసి ఇచ్చినప్పుడు హైవే మీద పనిచేస్తుంది. ఎలక్ట్రిక్ కార్లలో ఇంకా బాగా పనిచేస్తుంది. కానీ సిటీలో తిరిగే మామూలు కారు బంపర్‌కి బయట కొన్న డిఫ్యూజర్ బిగిస్తే మారేది లుక్ ఒక్కటే. లుక్ నచ్చి పెట్టించుకుంటే అది మీ ఇష్టం, రూల్స్ దాటకుండా చూసుకోండి. మైలేజీ కోసమైతే మాత్రం వద్దు.

మైలేజీ కావాలంటే నాలుగే పనులు. నెలకోసారైనా టైర్లలో గాలి చెక్ చేయించండి. అవసరం లేనప్పుడు పైన క్యారియర్ తీసేయండి. హైవే మీద అద్దాలు మూసుకోండి. స్పీడ్ 100 దాటించకండి. హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు. ఎక్కడా ఆగకుండా 120లో వెళ్లినా, 100లో వెళ్లినా తేడా అరగంట లోపే. ఆ అరగంట మీ పెట్రోల్‌నీ కాపాడుతుంది, మిమ్మల్నీ కాపాడుతుంది.

ఈసారి ఆ రీల్ కనిపిస్తే 'ప్రైస్ ఎంత అన్నా' అని కాదు.. 'ఏ స్పీడ్‌లో, ఎంత శాతం అన్నా?' అని కామెంట్ పెట్టి చూడండి. రిప్లై వస్తుందో లేదో మీకే తెలుస్తుంది.